మల్సున్ అక్క అడిగిన ప్రశ్న

మా హెబాట్ గుట్ట మీద మల్సున్ అక్క గొంతు వినపడలేదంటే ఆమెకు జ్వరమైనా వచ్చి ఉండాలి, ఊరైనా వెళ్ళి ఉండాలి. వయసులో ఉన్నప్పుడు ఆమె బూసాన్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ కుట్టు మిషన్ల హోరులో పక్క మనిషికి వినపడాలంటే అరవాల్సిందే. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయినా, భర్త పోయినా, పిల్లలు ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నా, ఆ గొంతు మాత్రం తగ్గలేదు.

గుట్ట కింద, మెట్లు మొదలయ్యే చోట నాది ఓముక్ దుకాణం. చేప పిండిని పుల్లలకు గుచ్చి ముల్లంగి చారులో ఉడికించి అమ్ముతాను. అందువల్ల గుట్టెక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ నా కళ్ళముందు నుంచే పోతారు. రోజూ పొద్దున్నే మల్సున్ అక్క వచ్చి నా దుకాణం ముందు నిలబడి వార్డు ఆఫీసుకు ఫోన్ చేసేది. వీధి దీపం, పిల్లులు, మురికి కాలువ, మెట్ల పక్కన ఎవరో పడేసిన చెత్త సంచులు. ఆఫీసులో ఫోనెత్తే కుర్రాడు ఆమె పేరు చెప్పకముందే "నమస్కారం మల్సున్‌గారూ" అనేవాడు.

ఆ ఏడాది ఆకులు రాలే రోజుల్లో ఒకనాడు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. ముఖం ఎర్రగా ఉంది.

"విన్నావా ఊనా వాళ్ళమ్మా! ఆ కుర్రాడు నన్ను బడికి పొమ్మంటున్నాడు!"

"ఏం బడి?"

"ఇరుగుపొరుగు నాయకుల బడంట. గురువారం సాయంత్రాలు, ఆఫీసు మేడ మీద. ఎవరి పేట వాళ్ళే ముందుండి ఎలా నడుపుకోవాలో నేర్పిస్తారంట. 'ఇన్ని సమస్యలు తెలిసినవారు మీకన్నా ఎవరున్నారండీ' అన్నాడు. ఎగతాళి కాకపోతే ఏమిటిది?"

"ఎగతాళనిపిస్తే వెళ్ళకు."

"వెళ్తా. వెళ్ళి నేర్చుకొచ్చి వాడికే తిరిగి పాఠం చెప్తా. నువ్వూ వస్తున్నావ్."

"నేనెందుకక్కా? దుకాణం ఎవరు చూస్తారు?"

"గురువారం సాయంత్రం నీ దుకాణానికి ఈగ కూడా రాదు. రోజూ చూస్తున్నదాన్ని, నాకు చెప్పకు."

అలా నేనూ చేరాను.

మాకు పాఠం చెప్పడానికి వచ్చిన అమ్మాయి పేరు సేరిన్. ముప్పై దాటి ఉండవు. సియోల్ యాస. ఆ యాస వినగానే మల్సున్ అక్క నా డొక్కలో మోచేత్తో పొడిచి, "మన గుట్ట ఎలా ఎక్కాలో సియోల్ వాళ్ళు నేర్పుతారన్నమాట" అంది. అది గుసగుసే, కానీ గదంతా విన్నది. సేరిన్ కూడా విని నవ్వింది. "నిజమేనండీ, ఇవాళ ఎక్కలేక రెండు చోట్ల కూర్చున్నాను" అంది. దాంతో అక్క కొంచెం మెత్తబడింది.

మా వీధి పెద్ద ప్యో గారు కూడా ఆ క్లాసులో ఉన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సిటీ బస్సు నడిపిన మనిషి. ఎవరేమన్నా అద్దంలోంచి వెనక సీటు వాళ్ళని చూసినట్టు చూసి ఊరుకునేవారు. మల్సున్ అక్కకూ ఆయనకూ పడేది కాదు. ఆయన పట్టించుకోడని ఈమె కోపం, ఈమె ఊపిరి తీసుకోనివ్వదని ఆయన విసుగు.

రెండో వారమో మూడో వారమో సేరిన్ మాతో ఒక ఆట ఆడించింది. ఎవరితో మనకు ఎక్కువ గొడవో, కాసేపు మనమే వాళ్ళయిపోవాలి. ప్యో గారు మల్సున్ అక్క అయ్యారు, మల్సున్ అక్కేమో వార్డు ఆఫీసు కుర్రాడు. ప్యో గారు నా మెడలో ఉన్న శాలువా తీసుకుని తలకు కట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నారు. అంతసేపూ మాట్లాడని మనిషి ఒక్కసారిగా అరిచారు.

"హలో! లైటు! లైటు వెలగట్లేదు!"

"ఎక్కడి లైటమ్మా?" అంది అక్క, కుర్రాడి గొంతుతో.

"చెప్తున్నా వినండి! పిల్లులొకటి! రాత్రంతా ఒకటే గోల!"

"అమ్మా, ముందు ఆ లైటు ఎక్కడో..."

"అదే కదా చెప్తున్నా! మురిక్కాలవ! ఆ కాలవ సంగతి ఎవరైనా చూస్తారా చూడరా?"

గదంతా పగలబడి నవ్వింది. అందరికన్నా ముందు నవ్వింది మల్సున్ అక్కే. కానీ మిగతావాళ్ళు ఇంకా నవ్వుతుండగానే ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. కుర్చీలో కూర్చుని బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం మెట్లెక్కుతూ సగం దారిలో ఆగింది.

"ఊనా వాళ్ళమ్మా, లైటు ఎక్కడో చెప్పకుండానే పిల్లుల మీదకి పోతానా నేను?"

"అప్పుడప్పుడూ."

"అబద్ధాలాడకు."

"సరే. ఎప్పుడూ."

ఆమె పైకి చూసి, "పాపం ఆ కుర్రాడు" అంది. అంతే. మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి వారం సేరిన్ ఇంటి పని ఇచ్చింది. పేటలో ఎవరి ఇంటికైనా వెళ్ళి ఒక్క ప్రశ్న అడగాలి. ఆ తర్వాత వాళ్ళు చెప్పడం అయ్యేదాకా నోరు తెరవకూడదు. మధ్యలో మౌనం వస్తే ఆ మౌనాన్ని మనం నింపకూడదు. వాళ్ళనే నింపనివ్వాలి.

మల్సున్ అక్కకు ఇది కొండను పిండి కొట్టమన్నట్టే. నోట్లో గుమ్మడికాయ మిఠాయి బిళ్ళ వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది, మాట్లాడాలనిపిస్తే చప్పరించడానికి. మెట్ల పక్కన చెత్త సంచులు పడేసేది పైన ఉండే గూ ముసలమ్మ అని అప్పుడే తెలిసింది. చెత్తబండి ఆగే చోటిదాకా దిగడానికి ఆమె మోకాళ్ళు సహకరించవు. ఎన్నో ఏళ్ళుగా మల్సున్ అక్క ఎవరిని తిడుతున్నదీ తెలియకుండా మెట్ల మీద నిలబడి గాలిలోకి తిట్టేది. తలుపు వెనక కూర్చుని ఆ తిట్లన్నీ గూ ముసలమ్మ వింటూ ఉండేది. మర్నాటి నుంచి ఆ సంచి అక్కే మోసుకొచ్చేది. ఆ సంగతి నాకు చెప్పలేదు. దుకాణంలోంచి చూసి నేనే అర్థం చేసుకున్నాను.

చలి ముదురుతుండగా వచ్చింది అసలు వార్త. గుట్ట మధ్యలో ఉన్న స్నానశాల మూసేస్తున్నామని గాజు తలుపుకు కాగితం అంటించారు. బాయిలర్ పాడైంది, వచ్చేవాళ్ళు తగ్గారు, ఈ నెలాఖరే ఆఖరు అని.

బయటివాళ్ళకు ఇదంత పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు. మా గుట్ట ఇళ్ళల్లో స్నానాల గది అంటే మూలన ఒక కుళాయి, ఒక బకెట్. చలికాలంలో ముసలివాళ్ళు అందులో స్నానం చేస్తే మంచం పట్టడమే. వారానికోసారి స్నానశాలకు వెళ్ళి, వేణ్ణీళ్ళ తొట్టిలో మెడదాకా కూర్చుని, ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ, ఎవరి కోడలు ఏమందో చెప్పుకుంటేనే ఆ వారం గడిచినట్టు. దాన్ని నడిపేది గీబోక్ గారు, ఆయన భార్య జొంగ్‌నిమ్. ఆయన కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. ఆమె ఎప్పుడూ లోపలే, తడిలోనే.

మల్సున్ అక్క ఆ కాగితం చదివి నేరుగా నా దుకాణానికి వచ్చింది. ఒక పుల్ల లాక్కుని కొరికింది.

"మూయనివ్వను. బ్యానర్లు కడదాం, సంతకాలు పెట్టిద్దాం, అవసరమైతే ఆఫీసు ముందు కూర్చుందాం."

గురువారం క్లాసులో అదే మా పేట పని అని నిర్ణయమైంది. సేరిన్ అంతా విని, "ఎవరెవర్ని అడిగారు?" అంది.

"అందర్నీ! ఒక్క గడప వదల్లేదు టీచరమ్మా. మూసేయమన్నవాళ్ళు ఒక్కరూ లేరు."

"మంచిది. అయితే అందర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. సభ మీరే నడపండి. నేను వెనక కూర్చుంటాను."

పెద్దవాళ్ళు పగలంతా కాలక్షేపం చేసే గదిలో సభ పెట్టాం. నేల వెచ్చగా ఉంది, చెప్పులన్నీ గడప దగ్గర కుప్పగా పడ్డాయి. గుట్ట గుట్టంతా వచ్చింది. మల్సున్ అక్క ముందు నిలబడింది. గోడకు పెద్ద కాగితం అంటించి ఎవరేం చెప్పినా రాసింది. ఎవరైనా మధ్యలో అడ్డొస్తే, "ఆగండి, ఆయన మాట అయ్యాక మీ మాట" అంది. నేను ప్యో గారి వైపు చూశాను. ఆయన కనుబొమలు పైకి లేచి ఉన్నాయి.

సభ బాగా సాగింది. తలా కొంత వేసుకుని బాయిలర్ బాగు చేయిద్దామన్నారు. వారంలో ఫలానా రోజులు తప్పకుండా వస్తామని మాట ఇచ్చారు. గీబోక్ గారు ముందు బెట్టు చేశాడు. అందరూ బతిమాలేసరికి మెల్లగా కరిగాడు. చివరికి లేచి నిలబడి, "ఇంతమంది అభిమానం చూశాక ఇంకేం కావాలి నాకు! మీరంతా తోడుంటే నేనెందుకు మూస్తాను!" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. గూ ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

అక్కడితో ముగించి ఉంటే ఆ సాయంత్రమే మల్సున్ అక్కని గుట్టంతా భుజాల మీద ఊరేగించేది.

కానీ ఆమె కాగితం మీద ఆఖరు మాట రాయబోతూ ఆగిపోయింది. గది వెనక జొంగ్‌నిమ్ గోడకానుకుని నిలబడి ఉంది. వచ్చేటప్పుడు స్నానశాల నుంచి ఉడికించిన గుడ్లు బుట్టెడు తెచ్చింది. సభ జరిగినంతసేపూ వాటిని ఒలిచి ఒలిచి అందరికీ పంచుతూనే ఉంది. నీళ్ళలో నాని నాని ముడతలు పడిన వేళ్ళు. చప్పట్లు కొట్టడానికి కూడా ఆమెకు చేతులు ఖాళీ లేవు.

"జొంగ్‌నిమ్ అక్కా," అంది మల్సున్ అక్క, "నీ మాటేంటి?"

జొంగ్‌నిమ్ తలెత్తింది. తననే అడుగుతున్నారని అర్థం కానట్టు పక్కకి చూసింది.

గీబోక్ గారు నవ్వాడు. "దానిదేముంది? నా మాటే దాని మాట."

"బావగారూ, నేనడిగింది మిమ్మల్ని కాదు."

గది నిశ్శబ్దమైంది. ఎవరో దగ్గారు. మల్సున్ అక్క పెదాలు కదలడం నేను చూశాను. ఏదో ఒకటి అనెయ్యాలని ఉంది ఆమెకు. అనలేదు. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఆ మౌనం ఎంతసేపు సాగిందో గానీ, నాకైతే చారు మరిగి ఇగిరిపోయేంత సేపు అనిపించింది.

జొంగ్‌నిమ్ చేతిలో గుడ్డు బుట్టలో పెట్టింది.

"నాకు మూసేయాలనుంది" అంది.

గొంతు ఎంత చిన్నదంటే ముందువాళ్ళు, "ఏమంది? ఏమంది?" అన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి కొంచెం గట్టిగా.

"మూసేయాలనుంది. పెళ్ళయి ఈ గుట్టెక్కినప్పటి నుంచి తెల్లారాక లేచిన రోజు లేదు నాకు. చీకట్లోనే లేచి తొట్లు కడగాలి, నేల రుద్దాలి. తోంగ్యాంగ్‌లో ఉన్న మా చెల్లెలు రమ్మని ఎన్నేళ్ళుగానో పిలుస్తోంది. ఒక్క రాత్రి పడుకోలేదు దాని ఇంట్లో. బాయిలర్ పాడైన రోజు, మీరేమనుకున్నా సరే, నేను లోపలికెళ్ళి నవ్వుకున్నాను." కాస్త ఆగింది. "ఎవరో కడిగిపెట్టిన నేల మీద నడిచి, ఎవరో కాచిన నీళ్ళలో కూర్చోవాలని ఉంది. అంతే. తప్పయితే క్షమించండి."

"ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాటైనా అన్లేదే!" అన్నాడు గీబోక్ గారు. ఆయన ముఖం చూస్తే జాలేసింది.

"మీరు అడగలేదుగా."

ఆయన లేచి, చెప్పుల కుప్పలో తనవి వెతుక్కుని, దొరక్క ఎవరివో తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఇక గదిలో గోల మొదలైంది. తిట్లన్నీ మల్సున్ అక్క మీదే. "అంతా కుదిరాక ఎందుకు కెలకాలి?" అని ఒకరు. "ఆమె వద్దంటే మా స్నానాల మాటేంటి? నువ్వు పోస్తావా?" అని ఒకరు. "నాయకురాలైపోయిందండీ మరి!" అని వెనక నుంచి ఒక దెప్పిపొడుపు. మామూలు రోజైతే అక్క ఒక్కొక్కరికీ వడ్డీతో సహా తిరిగిచ్చేది. ఆ రోజు గోడ మీద కాగితం వైపు తిరిగి, అప్పటిదాకా రాసిన దాని కింద, "జొంగ్‌నిమ్ అక్కకు విశ్రాంతి కావాలి" అని రాసింది. ఆ కింద, "మనకు వేణ్ణీళ్ళు కావాలి" అని రాసింది.

"ఈ రెండూ కుదరాలి," అంది. "ఎలాగో నాకు తెలీదు. మళ్ళీ వారం కూర్చుందాం."

మర్నాడు అక్క దుకాణానికి వచ్చి పుల్ల మీద పుల్ల తిన్నది.

"అడక్కుండా ఉండాల్సింది" అంది చివరికి.

"అడక్కపోతే?"

చారు గిన్నె అటూ ఇటూ తిప్పింది. "అడక్కపోతే ఇంకో పదేళ్ళు మనం ఆవిడ పోగొట్టుకున్న నిద్రలో స్నానం చేసేవాళ్ళం. నేనైతే వీపు కూడా రుద్దించుకునేదాన్ని."

అప్పుడే ప్యో గారు చలికి చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చారు. ఒక పుల్ల తీసుకుని, మా ఇద్దరి వైపూ కాకుండా గిన్నె వైపు చూస్తూ మాట్లాడారు.

"రేవు దగ్గర పెద్ద స్నానశాల ఉంది. నీళ్ళకి కొదవ లేదు."

"ఉంది. దిగేదెవరు, ఎక్కేదెవరు? గూ ముసలమ్మని మీరు ఎత్తుకెళ్తారా?"

"ఆఫీసు వాళ్ళకి వ్యానుంది. భోజనాలు పంచడానికి మధ్యాహ్నం తీస్తారు. పొద్దున ఊరికే ఉంటుంది." ఆయన చారు తాగారు. "నాకు బస్సు నడపడం వచ్చు."

మల్సున్ అక్క ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "ఇంత ఆలోచన దాచుకుని ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మూసుక్కూర్చున్నారు?"

"మీరు మాట్లాడుతున్నారుగా" అన్నారు ప్యో గారు.

నేను గరిటె పట్టుకుని అటు తిరిగి నవ్వుకున్నాను.

వ్యాను అంత తేలిగ్గా ఏమీ రాలేదు. బీమా అన్నారు, అనుమతి అన్నారు, పై ఆఫీసు అన్నారు. మల్సున్ అక్క ఈసారి ఫోన్ చేయలేదు. ఆ కుర్రాడి దగ్గరికి స్వయంగా వెళ్ళింది, గూ ముసలమ్మనీ ప్యో గారినీ వెంటబెట్టుకుని. ఒక్క విషయమే మాట్లాడింది. పిల్లుల ఊసు ఎత్తలేదు. ఎలా ఎత్తకుండా ఉండగలిగావని అడిగితే, "నాలిక కరుచుకున్నా, ఇంకా మండుతోంది" అంది. కుర్రాడే ఆ కాగితాలన్నీ పట్టుకుని పై ఆఫీసుకు తిరిగాడు. అనుమతి వచ్చిన రోజు మా దుకాణానికి వచ్చి మల్సున్ అక్కతో కలిసి ఓముక్ తిన్నాడు. ఆమె డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు. ఇద్దరూ కాసేపు కొట్లాడుకున్నారు.

గీబోక్ గారు కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. స్నానశాల మూసేశాక ఒక మధ్యాహ్నం నా దుకాణంలో కూర్చుని, అడక్కుండానే చెప్పాడు.

"పొద్దున నాకు మెలకువొచ్చింది. పక్కన ఇది పడుకునే ఉంది. ఇన్నేళ్ళలో ఇది నిద్రపోతుంటే నేను చూళ్ళేదమ్మా. దీనికి గురకుంది, తెలుసా? ఓడ కూత పెట్టినట్టు."

"లేపారా?"

"లేపలేదు." చేతిలో గ్లాసు చూసుకుంటూ కూర్చున్నాడు. "అన్నం నేనే వండాను. మాడింది. తినేసింది."

చలికాలం మధ్యలో మా బడి ముగిసింది. వార్డు ఆఫీసు మేడ మీద చిన్న వేడుక పెట్టారు. మా క్లాసు తరఫున మల్సున్ అక్క మాట్లాడాలన్నారు. నిశ్శబ్దంగా వినడం నేర్చుకున్న మనిషి క్లుప్తంగా మాట్లాడుతుందేమోనని నేను ఆశపడ్డాను. అబ్బే. ఎంతకీ ఆపలేదు. బూట్ల ఫ్యాక్టరీ నుంచి మొదలుపెట్టింది. సేరిన్ రెండుసార్లు గడియారం చూపించింది. చివరికి ప్యో గారు లేచి చప్పట్లు కొట్టేస్తే అందరం అందుకున్నాం. ఆమె ఇంకా ఏదో చెప్తూనే దిగింది. దిగి నేరుగా సేరిన్ దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల చేతులు పట్టుకుని, "గుట్ట ఎక్కడం వచ్చేసినట్టుందే టీచరమ్మా, ఈసారి మధ్యలో కూర్చోలేదంట!" అంది. సేరిన్ ఏడుస్తూ నవ్వింది.

ఇప్పుడు వారానికి రెండు పొద్దుటిపూటలు వ్యాను కదులుతుంది. నడవగలిగినవాళ్ళు నడవలేనివాళ్ళ తువ్వాళ్ళూ సబ్బులూ మోస్తారు. ముందు సీటు కోసం ముసలమ్మలు చిన్నపిల్లల్లా కొట్టుకుంటారు. గీబోక్ గారు కూడా వెళ్తున్నాడు. రేవు దగ్గరి స్నానశాల యజమానికి బాయిలర్ ఎలా చూసుకోవాలో పాఠాలు చెప్తున్నాడని, ఆ యజమాని ఈయన్ని చూడగానే వెనక గదిలోకి పోతున్నాడని విన్నాను.

మొన్న మంచు పడిన పొద్దున్న నేను పొయ్యి వెలిగిస్తుంటే, వ్యాను నా దుకాణం ముందే ఆగి ఉంది. అందరూ ఎక్కారు, జొంగ్‌నిమ్ రాలేదు. ప్యో గారు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటున్నారు. గూ ముసలమ్మ చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. మల్సున్ అక్క మెట్ల మొదట్లో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, గుట్ట దద్దరిల్లేలా పిలిచింది.

"జొంగ్‌నిమ్ అక్కా! ఎంతసేపు పడుకుంటావ్? అక్కడ నీళ్ళు చల్లారిపోతాయ్!"

పైన ఒక కిటికీ తెరుచుకుంది. రేగిన జుట్టుతో జొంగ్‌నిమ్ తల బయటపెట్టింది.

"చల్లారితే చల్లారనీ!" అని అరిచింది. "కాచేది నేను కాదుగా!"